ఇండియా నుంచి వచ్చాక కారు స్టార్ట్ అవ్వాలంటే

వేసవి సెలవులకి ఇండియా బయల్దేరేముందు తాళాలు, మెయిల్, పెరట్లో మొక్కలు అన్నీ ఎవరికో ఒకరికి అప్పజెప్తాం. గ్యారేజీలోని పాత కారు సంగతి తిరిగొచ్చాకే గుర్తొస్తుంది. జెట్‌లాగ్‌తో పిల్లల్ని ఎక్కించుకుని కీ తిప్పితే టకటకమంటుంది తప్ప ఇంజన్ తిరగదు.

కారు ఆపేసినా అలారం, గడియారం, కంప్యూటర్ మెమరీ కొంచెం కొంచెం కరెంటు వాడుతూనే ఉంటాయి. అది 50 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు, 45 రోజులకి 54. చాలా చిన్న కార్ల బ్యాటరీ మొత్తమే 50, 60 మధ్య ఉంటుంది! పైగా ఖాళీగా పడున్న బ్యాటరీలో పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పాత సత్తువ రాదు.

చలికే బ్యాటరీలు పోతాయని మనలో చాలామంది అనుకుంటారు. అసలు దెబ్బ తీసేది ఎండ. టెక్సస్, అరిజోనా వేడికి లోపలి నీరు తగ్గి పలకలు త్వరగా పాడవుతాయి. జూలైలో జరిగిన నష్టం డిసెంబరు చలిలో బయటపడుతుంది. బ్యాటరీ మీది స్టిక్కరులో నెల, సంవత్సరం ఉంటాయి. మూడేళ్లు దాటితే టికెట్లు కొన్న వారమే పరీక్ష చేయించండి, ఆటోజోన్ లాంటి షాపుల్లో ఉచితం. ఇంట్లో మల్టీమీటర్ ఉంటే, రాత్రంతా ఆపి ఉంచిన కారులో 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే దాదాపు సగమే.

వెళ్లేముందు నెగటివ్ టెర్మినల్ విప్పేస్తే చాలు. పాజిటివ్ ముందు విప్పితే పానా కారు బాడీకి తగిలి నిప్పులు రేగొచ్చు. తిరిగి బిగించేటప్పుడు నెగటివ్ ఆఖర్న. కొన్ని పాత కార్లు రేడియో కోడ్ అడుగుతాయి, ముందే రాసిపెట్టుకోండి. ఎమిషన్ టెస్ట్ దగ్గర పడితే మాత్రం విప్పకండి. కంప్యూటర్ మెమరీ చెరిగిపోయి, మళ్లీ కొన్నిరోజులు నడిపితే గానీ కారు టెస్టుకి సిద్ధం కాదు. అలాంటప్పుడు బ్యాటరీ మెయింటైనర్ తగిలించి వెళ్లడం నయం.

"అన్నయ్యా, వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపెయ్యండి" అని స్నేహితులకి చెప్తుంటాం. దానివల్ల ఒరిగేది ఏమీ లేదు, స్టార్ట్ చేయడానికి ఖర్చైన ఛార్జే సరిగా వెనక్కి రాదు. ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో చూసుకుని, అరగంట రోడ్డు మీద తిప్పమనండి.

టెర్మినళ్ల మీద తెల్లగానో నీలంగానో పొడి కడితే, కేబుళ్లు విప్పి, గ్లవ్స్ వేసుకుని, నీళ్లలో కలిపిన వంటసోడాతో పాత టూత్‌బ్రష్ పెట్టి రుద్దండి. బుసబుస పొంగిందంటే ఆమ్లం పోతున్నట్టే. ఇక కొత్త బ్యాటరీ కొనాల్సే వస్తే పాతది షాపుకి తీసుకెళ్లండి, కోర్ ఛార్జ్ వెనక్కి ఇస్తారు.