బోర్డు ఖరీదు ఎంత?

పిల్లలూ, బడికి వెళ్ళే దారిలో కిరాణా కొట్టు మీద, మందుల షాపు మీద, సైకిలు షాపు మీద పేర్లు రాసిన బోర్డులు మీరు రోజూ చూస్తూనే ఉంటారు. ఈ రోజులలో చాలావరకు అచ్చువేసిన ఫ్లెక్సీలే. కాని చేత్తో రాసిన బోర్డులు ఇంకా ఉన్నాయి, రాసేవారూ ఉన్నారు. అట్లాంటి బోర్డు ఒకటి నాకు నేర్పిన పాఠం చెబుతాను.

నేను హెడ్మాస్టరుగా ఉండగా మా బడికి ఇనపరేకు బోర్డు రాయించవలసివచ్చింది. పెయింటరు ఒక ధర చెప్పాడు. నేను బేరమాడి దాన్ని సగానికి తెచ్చాను.

"ఆ డబ్బుకు అస్తరుపూత కుదరదండి, మాస్టారూ," అన్నాడతను.

"అక్షరాలు కనిపిస్తే చాలునయ్యా," అన్నాను నేను.

ఒక్క వానాకాలం గడిచేసరికి రంగు కింద తుప్పు లేచింది. "ఠ" నడుమ చుక్క పెచ్చులాగా ఊడిపోయి, "పాఠశాల" కాస్తా "పారశాల" అయింది! పిల్లలు అట్లాగే పైకి చదివి నవ్వుతుంటే నాకు సిగ్గువేసింది. తప్పు పెయింటరుది కాదు, నాది. మళ్ళీ అతన్నే పిలిచి, అతను చెప్పిన ధరకే ఒప్పుకున్నాను. ఈసారి పక్కన కుర్చీ వేసుకుని పని అంతా చూశాను.

ముందు అతను రేకును తుప్పు పోయేదాకా గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, రెడాక్సైడు పూశాడు. గాలీ, తడీ తగిలితే ఇనుము తుప్పు పడుతుంది గదా! ఈ అస్తరుపూత ఆ రెంటినీ అడ్డుతుంది. తమాషా ఏమిటంటే, అందులో ఉండే ఎర్రపొడి కూడా తుప్పుకు చుట్టమే. అది అప్పటికే ఆక్సిజనుతో కలిసిపోయిన ఇనుము, కనక ఇంకా తుప్పు పట్టదు.

అది ఆరాక పసుపుపచ్చ ఎనామెలు రెండు పూతలు వేశాడు. మొదటిది ఆరకుండా రెండోది వేస్తే ముడతలు పడుతుంది. పసుపు ఎందుకంటే, దాని మీద నల్లని అక్షరాలు దూరానికి బాగా కనబడతాయి. మన రైల్వేస్టేషన్ల పేర్లు అట్లాగే ఉంటాయి, గమనించారా?

తరవాత దారానికి సుద్దపొడి పట్టించి, రెండు కొసలూ బిగించి, లాగి వదిలాడు. చక్కని గీత పడింది! తెలుగు అక్షరాలకు పైన గుడులూ, కింద వత్తులూ ఉంటాయి. అందుచేత వరసకూ వరసకూ మధ్య ఎక్కువ చోటు వదలాలి. అక్షరం ఎత్తుకు కూడా ఒక లెక్క ఉన్నది: పది అడుగుల దూరానికి ఒక అంగుళం. అంటే 60 అడుగుల దూరాన ఉన్నవాడు సుఖంగా చదవాలంటే అక్షరం కనీసం 6 అంగుళాలు ఉండాలి.

రాసేటప్పుడు అతను ఎడమచేత ఒక కర్ర పట్టుకుని, దాని మీద కుడిచేయి ఆనించాడు. చేయి వణకదు, పచ్చి రంగు చెరగదు. అతనివి నైలాను కుంచెలు. ముంగిస వెంట్రుకల కుంచెలు అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఎవరు చూపినా కొనకండి. పాత రంగు గీకే పని కూడా మీరు చేయవద్దు. దాని దుమ్ములో సీసం ఉండవచ్చు, అది విషం.

ఇక ధర సంగతి. కింది అంకెలు లెక్క కోసం నేను అనుకున్నవి. ఊరినిబట్టి, కాలాన్నిబట్టి మారతాయి. బోర్డు పొడవు 4 అడుగులు, ఎత్తు 2 అడుగులు.

రేకు, చట్రం: రూ. 1,200
రంగులు, టర్పెంటైను, గరుకు కాగితం: రూ. 600
పని 12 గంటలు, గంటకు రూ. 100 చొప్పున: రూ. 1,200
తీసుకువెళ్ళి బిగించడం: రూ. 200

మొత్తం రూ. 3,200. కుంచెలు అరిగిపోతాయి, పని దొరకని రోజులూ ఉంటాయి. అందుకోసం పదోవంతు, అంటే రూ. 320 కలపండి. రూ. 3,520 అయింది. బోర్డు 8 చదరపు అడుగులు గనక, అడుగుకు రూ. 440 పడింది.

ఇప్పుడు నాలాగా సగానికి బేరమాడండి: రూ. 1,760. రేకుకూ, రంగులకే రూ. 1,800 కావాలి! కూలి మాట అటుంచి, సరుకుకే 40 రూపాయలు తక్కువ. మరి పెయింటరు ఏం చేస్తాడు? రేకు తగ్గిస్తే కనబడుతుంది, అక్షరాలు తగ్గిస్తే కనబడుతుంది. కనబడనిది అస్తరుపూత ఒక్కటే. అదే పోతుంది.

కనక పెద్దలు కూడా "ఎంత తగ్గిస్తావు?" అనేముందు "ఏమేమి చేస్తావు?" అని అడగడం మంచిది. మీలో ఎవరైనా రేపు బోర్డులు రాస్తే, ఈ లెక్క కాగితం మీద వేసి చూపించి మరీ ధర చెప్పండి. అందులో మొహమాటపడవలసింది ఏమీ లేదు.

అన్నట్టు, నేను రిటైరయ్యేనాటికి మా బోర్డు మీద "ఠ"లో చుక్క చెక్కుచెదరలేదు.