నల్లబడ్డ చింతపండు

ధర్మవరంలో పట్టుచీరె రంగు చూసి కొనడం న్యాయమే. ఆ చూపుతోనే హిందూపురంలో చింతపండు కొంటామంటే మాత్రం నేను ఒప్పుకోను.

ధర్మవరంలో బెంగుళూరు రైలెక్కితే పెనుకొండ దాటాక హిందూపురం వస్తుంది. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర ప్రభువులు రాజధానిగా చేసుకున్న పెనుకొండే అది. ఈ దారి పొడుగునా వానలు తక్కువ, ఎండలు జాస్తి. చింతచెట్టుకు అదేమీ లెక్కలేదు. మాఘ ఫాల్గుణాల్లో కాయ పండి పెంకు పెళుసెక్కేవేళ వాన పడకుంటే చాలు, పండు బూజు పట్టకుండా ఆరుతుంది. పెంకు కొట్టి, ఈనె లాగి, గింజ తీసే ఓపికంతా ఆడవాళ్ళది. అలా సిద్ధమైన సరుకు హిందూపురం మార్కెట్ యార్డు చేరుతుంది. అక్కడ కరిపులి, ఫ్లవర్ అని రెండు రకాలు. ధరలో సాధారణంగా కరిపులిదే పైచేయి.

నేను రెండు పండ్లు రుచి చూశాను. కొత్తది ఎర్రగా ఉంది. నోట్లో వేసుకోగానే కాస్త తీపి, వెన్నంటే పులుపు. నిరుటి పండు నల్లగా ఉంది. పాకం ముదిరిన బెల్లం వాసన. పులుపు మాత్రం ఎక్కడికీ పోలేదు సుమండీ!

ఎందుకంటారా? చింతపండు పులుపుకు మూలం టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షలోనూ అదే ఉంటుంది గాని, దానికి తోడు మాలిక్ ఆమ్లం కూడా ఉంది. ఎండ ముదిరితే ఆ రెండోది తరిగిపోతుంది. 2003 వేసవిలో ఐరోపా ఉడికిపోయినప్పుడు, ఫ్రాన్సులోని షాంపేను సీమలో ద్రాక్షను ఆగస్టులోనే కోయవలసి వచ్చింది. పులుపు చాలలేదని అక్కడ చాలా కంపెనీలు ఆ సంవత్సరం పేరుతో సీసాలు వెలువరించనే లేదు. సుద్దరాతి నేలమాళిగల్లో షాంపేను ఏళ్ళతరబడి నిలవాలంటే పులుపే దానికి ప్రాణం. మన చింతపండుకు ఆ దిగులు లేదు. పండేకొద్దీ తీపి చేరుతుందే తప్ప, టార్టారిక్ ఆమ్లం పెద్దగా తరగదు.

నిలవలో మారేది రంగు. వేడికీ గాలికీ పండు నల్లబడుతుంది. చల్లదనం దాన్ని ఆలస్యం చేస్తుంది. శీతల గిడ్డంగికి అద్దె కట్టగలిగినవాడు ఎర్రటి పండును నెలల తర్వాత మంచి ధరకు అమ్ముకుంటాడు. చెట్లు గుత్తకు పట్టి అప్పు చేసినవాడు, సరుకు వెల్లువలా వచ్చే రోజుల్లోనే ఇచ్చినకాడికి ఇచ్చి పోవాలి. వాడి దగ్గర మిగిలి నల్లబడ్డ పండును మనం ముఖం చిట్లించి తోసేస్తాం. ఆ పులుసు తిన్న నాలుక మాత్రం వంక పెట్టదు.

ఇంట్లో నిలవకు పెద్ద తంతేమీ లేదు. గింజ తీసిన పండును రెండెండలు ఎండబెట్టి, తడి చెయ్యి తగలకుండా, మధ్యమధ్య కల్లుప్పు చల్లుతూ జాడీలో గట్టిగా అదమండి. కళాయి లేని ఇత్తడి గిన్నె ఆ చాయలకే రాకూడదు. పులిహోరకు కొత్త పండు తీయండి, రంగు బాగుంటుంది. రాగిముద్దలోకి పులుసంటే నా ఓటు నల్లపండుకే. బూజు వాసన వస్తే మాత్రం పారెయ్యండి.