కింగ్‌డమ్ ఆఫ్ లోథింగ్

కింగ్‌డమ్ ఆఫ్ లోథింగ్ హాస్యప్రధానమైన ఒక పాత్రధారణ వీడియో ఆట. ఈ పేరుకు తెలుగులో "ఏవగింపు రాజ్యం" అని అర్థం చెప్పుకోవచ్చు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రానికి చెందిన జాక్ జాన్సన్ దీనిని 2003 ఫిబ్రవరి 10న ప్రారంభించాడు. అసిమెట్రిక్ పబ్లికేషన్స్ అనే చిన్న సంస్థ తరఫున జాన్సన్, జాష్ నైట్, వారి సహచరులు దీనిని పెంపొందించారు. ఆటను కంప్యూటరులో ప్రత్యేకంగా స్థాపించుకోనవసరం లేదు. ఇంటర్నెట్ బ్రౌజరులోనే ఆడవచ్చు. ఆడటానికి రుసుము లేదు. భాష ఆంగ్లం మాత్రమే.

నేపథ్యం

ఆటగాడు ఒక కల్పిత పాత్రను స్వీకరించి, ఆ పాత్ర పేరిట సాహసాలు చేస్తూ, బలాన్నీ నైపుణ్యాన్నీ క్రమంగా పెంచుకుంటూ పోయే ఆటను పాత్రధారణ ఆట అంటారు. 1974లో అమెరికాలో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే బల్లమీది ఆట ఈ కోవకు మూలం. వీరులు, మాంత్రికులు, రాక్షసులు, నిధినిక్షేపాలతో నిండిన ఆ ప్రపంచాన్ని తరువాత వచ్చిన కంప్యూటరు ఆటలు అతి గంభీరంగా అనుకరించాయి. ఆ గాంభీర్యాన్ని వెక్కిరించటమే కింగ్‌డమ్ ఆఫ్ లోథింగ్ పని. భావకవిత్వపు ధోరణులకు జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి పేరడీలు ఎటువంటివో, పాత్రధారణ ఆటలకు ఇది అటువంటిది. పేరడీని ఆస్వాదించాలంటే మూలం తెలిసి ఉండాలన్న నియమం ఇక్కడా వర్తిస్తుంది.

ఆట తీరు

బొమ్మలన్నీ తెల్లకాగితం మీద పిల్లలు గీసే పుల్లబొమ్మల వంటివి. తలకు ఒక సున్న, కాళ్ళూ చేతులకు నాలుగు గీతలు, అంతే. రంగులు దాదాపు లేవు. ఈ రాజ్యంలో చెలామణి అయ్యే ద్రవ్యం నాణెం కాదు, మాంసం. వస్తువులను ఒకదానికొకటి అతికించటానికి మాంసపు జిగురే వాడాలి.

పాత్రలు ఆరు రకాలు. సీల్ క్లబ్బర్ (సీల్ జంతువులను దుడ్డుకర్రతో కొట్టేవాడు), టర్టిల్ టేమర్ (తాబేళ్ళను మచ్చిక చేసేవాడు) కండబలం కలవారు. పాస్తామాన్సర్, సాసరర్ మంత్రగాళ్ళు. మొదటివాడి మంత్రశక్తి పాస్తా అనే ఇటలీ వంటకం నుండి, రెండవవాడిది నంజుకునే సాసు నుండి వస్తుంది. డిస్కో బందిపోటు, అకార్డియన్ దొంగ తెలివితో నెగ్గుకువచ్చేవారు. ఆటగాడు అడవిలో దోమపిల్లను పట్టి తేవటం, సారాయి అంగడి నేలమాళిగలో ఎలుకలను తరమటం వంటి చిన్న పనులతో మొదలుపెడతాడు. ఒక్కొక్క మెట్టూ ఎక్కి, చివరకు పదకొండవ రాల్ఫ్ రాజును స్ఫటికంలో బంధించిన మాంత్రికురాలిని ఓడించాలి. రాజు విడుదలైన తరువాత ఆటగాడు కోరుకుంటే మళ్ళీ మొదటి మెట్టు నుండి పుట్టవచ్చు. దీనిని ఆరోహణ అంటారు.

ఆటలో చేసే ప్రతి ముఖ్యమైన పనికీ ఒక "సాహసం" ఖర్చవుతుంది. రోజుకు 40 సాహసాలు జమ అవుతాయి. పాత్ర చేత తినిపించి, తాగించి మరికొన్ని సంపాదించవచ్చుగాని, కడుపుకూ కాలేయానికీ కూడా రోజువారీ పరిమితి ఉంది. మోతాదు మించి తాగితే ఆ పాత్ర మరునాటి వరకు పడి ఉండవలసిందే. కొత్త రోజు మొదలయ్యేది భారత కాలమానంలో ఉదయం సుమారు 9 గంటలకు, అంటే మన పిల్లలకు బడిగంట మోగే వేళకు.

ఆకర్షణ

ఈ ఆటకు అందం లేదు, శబ్దం లేదు, వేగం లేదు. ఉన్నదల్లా రాత. ప్రతి వస్తువుకూ, ప్రతి శత్రువుకూ, ప్రతి దెబ్బకూ ఒక చమత్కారమైన వర్ణన ఉంటుంది. ఒక గుహలో పోరాటాలన్నీ హైకూ రూపంలోనే సాగుతాయి. సమాధుల నేలమాళిగ పేరులో కావాలనే అక్షరదోషం పెట్టి, దానిని సవరించకుండా వదిలివేశారు.

ఇతర ఆటగాళ్ళతో ముచ్చటించాలనుకునేవారు ముందుగా "అక్షరాస్యతా పీఠం" వద్ద పరీక్ష రాయాలి. ఒకే ఉచ్చారణ గల ఆంగ్లపదాలను వర్ణక్రమదోషం లేకుండా రాయగలరా, వాక్యం సరిగా కూర్చగలరా అన్నవే ప్రశ్నలు. తప్పినవారికి ముచ్చట్లలో ప్రవేశం లేదు. ఆటకోసం వ్యాకరణం నేర్చుకోవలసిరావటం భాష బోధించేవారెవరికైనా సంతోషం కలిగించే ఏర్పాటు.

పుటలు చాలా తేలికైనవి కావటం మరొక సుగుణం. 2000ల దశకంలో హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాల ఇంటర్నెట్ కేంద్రాలలో గంటకింతని చెల్లించి, నత్తనడక కనెక్షన్‌పై కూర్చునేవారికి భారీ ఆటలు అందనివి. ఇటువంటి అక్షరాల ఆట మాత్రం ఆ కనెక్షన్‌పైనా నడిచేది. నలభై సాహసాలు ముగిశాక ఆటే లేచి పొమ్మంటుంది గనుక జేబుకూ చదువుకూ కొంత రక్ష. నేటి ఆటలలో ఈ మర్యాద అరుదు.

లోపాలు

ఆకర్షణ ఎక్కడ ఉందో లోపమూ అక్కడే ఉంది. హాస్యంలో అధికభాగం శ్లేష. ఆటలో ఒకచోట "డీప్ ఫ్యాట్ ఫ్రయర్స్" అనే సన్యాసులు ఎదురవుతారు. ఆంగ్లంలో క్రైస్తవ సన్యాసినీ, నూనెలో వేపుడు చేసే పాత్రనూ దాదాపు ఒకేలా పలుకుతారు, వర్ణక్రమంలోనే తేడా. నవ్వంతా ఆ తేడా మీద నిలిచి ఉంది. తెలుగులో "వేపుడు సన్యాసులు" అంటే ఎవరికీ నవ్వు రాదు. మన "పాలు" అనే మాటలో క్షీరమూ వాటా రెండూ ఉన్నాయన్న చమత్కారాన్ని ఆంగ్లంలోకి తేలేనట్లే ఇదీను. పైగా అమెరికా సినిమాలు, పాటలు, వంటకాలు తెలియనివారికి సగం ఛలోక్తులు దాటిపోతాయి. ఇంటర్మీడియట్ స్థాయి ఆంగ్లంతో ఆడే తెలుగు విద్యార్థి గెలవగలడు, కాని ఎందుకు నవ్వాలో అతనికి తెలియదు.

రెండవ లోపం మరింత లోతైనది. ఛలోక్తి మొదటిసారి నవ్విస్తుంది, పదవసారి అడ్డువస్తుంది. ఆరోహణ పద్ధతి వల్ల అవే ఎలుకలు, అవే సన్యాసులు పదేపదే ఎదురవుతారు. అనుభవజ్ఞులు వర్ణనలు చదవటం మానివేసి, ఎన్ని సాహసాలలో ఆట ముగించగలమన్న లెక్కలో పడ్డారు. మీటలు నొక్కే పనిని కూడా కోల్‌మాఫియా అనే సహాయక ప్రోగ్రాముకు అప్పగించినవారు ఎందరో. చదివించటానికి పుట్టిన ఆటను ఎవరూ చదవకుండానే యంత్రం ఆడే స్థితి వచ్చింది.

తెలుగునాట పగటివేషగాళ్ళకు ఈ చిక్కు బాగా తెలుసు. వారి వేషాలూ లెక్కకు లోబడినవే, సోమయాజులు సోమిదేవమ్మల తగువు ప్రతి ఊళ్ళోనూ అదే. కాని ఏ ఊరికి వెళితే ఆ ఊరి పెద్దమనుషులనూ, ఎదురుగా నిలబడ్డవారినీ మాటలలోకి లాగుతారు గనుక పాత వేషంలో కొత్త నవ్వు పుడుతుంది. ముందే రాసిపెట్టిన వాక్యానికి ఆ వెసులుబాటు లేదు. రచయితలు ఏటేటా కొత్త ఘట్టాలు చేర్చినా, ఆటగాళ్ళు చదివి ముగించే వేగం రాసే వేగాన్ని మించిపోయింది.

మద్యపానం ఆటలో లాభదాయకమైన పని కావటం పెద్దలకు రుచించదు. తాగితే సాహసాలు పెరుగుతాయన్న ఊహ వ్యంగ్యమే అయినా, చిన్నపిల్లలకు వ్యంగ్యం కనపడక లాభం మాత్రమే కనపడవచ్చు. ఇక ధనం సంగతి. 10 డాలర్ల విరాళానికి "మిస్టర్ యాక్సెసరీ" అనే వస్తువు ఇస్తారు. దానితో ప్రతినెలా విడుదలయ్యే విశేష వస్తువును పొందవచ్చు. 2005 ప్రాంతంలో అది సుమారు 440 రూపాయలు. ఆ వస్తువులను ఆటలోని అంగడిలో మాంసమిచ్చి కొనుక్కునే వీలు ఉండటం వల్ల బీద ఆటగాడికి దారి పూర్తిగా మూసుకుపోలేదు గాని, అందుకు నెలల తరబడి కూడబెట్టాలి.

తరువాతి ఆటలు

ఇదే సంస్థ 2017లో వెస్ట్ ఆఫ్ లోథింగ్, 2022లో షాడోస్ ఓవర్ లోథింగ్ అనే ఆటలను వెలువరించింది. ఇవి ఒంటరిగా ఆడేవి. వెల చెల్లించి కొనాలి. రోజువారీ పరిమితి లేదు. కథకు ఆదీ అంతమూ ఉన్నందువల్ల ఛలోక్తి అరిగిపోయేలోపే ఆట ముగుస్తుంది. పుల్లబొమ్మలు మాత్రం మారలేదు. వెస్ట్ ఆఫ్ లోథింగ్‌లో అక్కడక్కడ తమ్మపడిగలు కనిపిస్తాయి. వాటిలో చేయి పెట్టి వెతుకుతానని ఆటగాడు పట్టుబడితే, వద్దని కథకుడు బతిమాలుతాడు, అసహ్యించుకుంటాడు, మళ్ళీ మళ్ళీ వారిస్తాడు. వెతికినవాడికి ఒక్కొక్కసారి విలువైన వస్తువు దొరుకుతుంది కూడా. ఇది మాటమీద కాక సన్నివేశం మీద ఆధారపడిన హాస్యం గనుక తెలుగులో చెప్పినా నవ్వు వస్తుంది.