పన్నెండు టెన్సులు బట్టీ పట్టినా నోరెందుకు తిరగదు? | తెలుగువాళ్ల కోసం ఇంగ్లిష్ వాక్యం

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగి ఏ గల్లీలోకి వెళ్లినా ఏదో ఒక కోచింగ్ బోర్డు కనిపిస్తుంది కదా. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి వచ్చి ఎల్బీ నగర్‌లో బస్సు దిగి, ఇక్కడ హాస్టల్లో ఉంటూ జావా, పైథాన్ నేర్చుకునేవాళ్లు మన వీడియోలు చాలామంది చూస్తారు. వాళ్లు అడిగే ప్రశ్న ఇది: "అన్నా, పన్నెండు టెన్సులూ చార్ట్‌తో సహా బట్టీ పట్టిన. మాట్లాడేటప్పుడు ఒక్కటి కూడా యాదికి రాదు. ఎందుకు?"

నేను జాబ్‌లో ఉన్నప్పుడు ఫ్రెషర్ల ఇంటర్వ్యూల్లో ప్యానెల్‌లో కూర్చునేవాణ్ణి. కోడ్ చక్కగా రాసినవాళ్లు కూడా "మీ ప్రాజెక్ట్ గురించి చెప్పండి" అనగానే గొంతు తగ్గించేసేవాళ్లు. ప్రాజెక్ట్ వాళ్లకి బాగానే తెలుసు. వాక్యం ఎలా మొదలుపెట్టాలో తేలక ఆగిపోయేవాళ్లు. అందుకే ఈరోజు చార్ట్ పక్కన పెట్టి, అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాం.

తెలుగులో పని మొత్తం తోక చేస్తుంది

వెళ్లాడు, వెళ్తాడు, వెళ్తున్నాడు, వెళ్లలేదు, వెళ్లాడా? గమనించారా? "వెళ్" అనే మొదలు అలాగే ఉంది. కాలం, ఎవరు, కాదు, ప్రశ్న, అన్నీ చివర్లో చేరాయి. ప్రశ్న కావాలంటే చివర "ఆ" తగిలిస్తే అయిపోయింది.

ఇంగ్లిష్‌లో ఈ పనిలో ఎక్కువ భాగం హెల్పింగ్ వెర్బ్ చేస్తుంది. అది ముందు ఉంటుంది.

"హి వెంట్." వెళ్లాడు.
"హి డిడ్ నాట్ గో." వెళ్లలేదు.
"డిడ్ హి గో?" వెళ్లాడా?

"డిడ్" రాగానే "వెంట్" కాస్తా "గో" అయిపోయింది. జరిగిపోయిన కాలం అనే గుర్తుని "డిడ్" తీసేసుకుంది కాబట్టి అసలు క్రియకి మళ్లీ అక్కర్లేదు. "డిడ్ యూ వెంట్?" అంటే ఒకే మనిషికి రెండు బస్సు టికెట్లు కొట్టించినట్టు. "షి వర్క్స్" కూడా అంతే. "డజ్" రాగానే చివరి "స్" దాన్లోకి పోతుంది: "డజ్ షి వర్క్?" "షి డజ్ నాట్ వర్క్."

వాక్యంలో ముందే "ఈజ్, ఆర్, వజ్, క్యాన్, విల్" లాంటివి ఉంటే "డూ, డిడ్" పిలవక్కర్లేదు. ఉన్నదాన్నే ముందుకి జరపాలి: "హి వజ్ ఎట్ హోమ్", "వజ్ హి ఎట్ హోమ్?"

ఇంకోటి. "మాది సూర్యాపేట" అంటాం, ఇందులో క్రియే లేదు. తెలుగులో అది పూర్తి వాక్యమే. ఇంగ్లిష్‌లో మాత్రం క్రియ ఉండాల్సిందే: "ఐ యామ్ ఫ్రమ్ సూర్యాపేట."

"వెళ్తాను"కి రెండు ఇంగ్లిష్‌లు

"రోజూ మెట్రోలో వెళ్తాను." "రేపు మెట్రోలో వెళ్తాను." రెండిట్లోనూ "వెళ్తాను" ఒక్కటే. అలవాటుని చెప్పే రూపాన్ని స్కూల్లో తద్ధర్మం అని చదువుకున్నాం, గుర్తుందా? భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో వచ్చింది. అందులో కూడా అలవాటుకీ, జరగబోయేదానికీ కలిపి ఒకే కాలంగా చూపించారు. ఇంగ్లిష్ ఆ రెంటినీ విడగొడుతుంది: "ఐ గో బై మెట్రో ఎవ్రీ డే." "ఐ విల్ గో బై మెట్రో టుమారో."

కాబట్టి నోరు తెరిచేముందు ఒక్క చెక్ చేసుకోండి. మీ వాక్యంలో "రోజూ" ఇముడుతుందా, "రేపు" ఇముడుతుందా? "తినను" అన్నా అంతే. అలవాటు లేకపోతే "ఐ డోంట్ ఈట్", ఇప్పుడు వద్దనుకుంటే "ఐ వోంట్ ఈట్".

"రాలేదు"కి కూడా రెండు

"ట్రైన్ ఇంకా రాలేదు": "ద ట్రైన్ హ్యాజ్ నాట్ కమ్ యెట్." "నిన్న ట్రైన్ రాలేదు": "ద ట్రైన్ డిడ్ నాట్ కమ్ యెస్టర్‌డే." "ఇంకా, ఇప్పటిదాకా" ఉంటే "హ్యావ్, హ్యాజ్". నిన్న, పోయినేడు, ఫలానా తేదీ అని అయిపోయిన టైమ్ చెప్తే మామూలు పాస్ట్. అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ వరకు మెట్రో 2018 సెప్టెంబర్ 24న మొదలైంది. తేదీ ఉంది కాబట్టి "ఇట్ స్టార్టెడ్ ఇన్ 2018" అనాలి, "హ్యాజ్ స్టార్టెడ్ ఇన్ 2018" అనకూడదు.

ఇంటర్వ్యూలో ఎలా వాడాలి?

ప్రాజెక్ట్ గురించి అడిగితే మూడు ముక్కలు చేసుకోండి. మీరు చేసేసిన పని పాస్ట్‌లో: "ఐ బిల్ట్ ద లాగిన్ పేజ్." యాప్ ఎప్పుడూ చేసే పని ప్రెజెంట్‌లో: "ద యాప్ సెండ్స్ ఆన్ ఓటీపీ." ఇప్పుడు సాగుతున్న పని "ఇంగ్"తో: "ఐ యామ్ టెస్టింగ్ ద పేమెంట్ పార్ట్." ఈ మూడూ వరసగా వచ్చాయంటే ఎదుటివాళ్ల దృష్టి మీ గ్రామర్ మీద నుంచి మీ పని మీదకి వెళ్తుంది. మనకి కావాల్సింది అదే కదా.

"ఇంగ్" అన్నిచోట్లా అతికించకండి. "నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు" అంటే "ఐ హ్యావ్ టూ బ్రదర్స్", "హ్యావింగ్" అక్కర్లేదు. కానీ కొన్నాళ్లు హాస్టల్లో ఉంటుంటే "ఐ యామ్ స్టేయింగ్ ఇన్ దిల్‌సుఖ్‌నగర్" కరెక్టే. సొంతిల్లు ఇక్కడే ఉన్నవాళ్లు "ఐ లివ్ ఇన్ ఎల్బీ నగర్" అంటారు.

ప్రాక్టీస్

ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కితే విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, తర్వాత దిల్‌సుఖ్‌నగర్. ఒక్క క్రియ తీసుకోండి. మొదటి స్టేషన్ వచ్చేలోపు పాస్ట్‌లో ఔను, కాదు, ప్రశ్న. రెండో స్టేషన్‌కి అలవాటులో అవే మూడు. దిల్‌సుఖ్‌నగర్ వచ్చేలోపు "విల్"తో మూడు. మొత్తం తొమ్మిది వాక్యాలు, మనసులో అనుకున్నా చాలు. రేపు ఇంకో క్రియ.

ఈరోజు "ఈట్"తో మొదలుపెట్టి మీ తొమ్మిది వాక్యాలు కామెంట్‌లో రాయండి, నేను చూసి చెప్తాను. ప్యాసివ్ వాయిస్ గురించి వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటాను మరి, బై.