ప్రాసిక్యూటరు మాట – వక్త స్వాతంత్ర్యము

ఒక వక్త సభలో జనులకు రుచింపని మాటలాడెననుకొందము. పత్రికలవారు ఖండింపవచ్చును, శ్రోతలు ఆక్షేపింపవచ్చును. పబ్లిక్ ప్రాసిక్యూటరును పౌరుడే కదా, ఆయన మాత్రమేల బహిరంగముగా అభిప్రాయము చెప్పరాదని కొందరడుగుదురు. ఈ ప్రశ్నను మేమిచ్చట విమర్శింపదలచితిమి.

ప్రాసిక్యూటరనగా ప్రభుత్వ పక్షమున నేరవిచారణ నడపు న్యాయవాది. అమెరికా వంటి దేశములలో ఎవరిపై నేరము మోపవలెనో నిర్ణయించువాడును ఆయనయే. కావున ఇతరుల నోట ఆక్షేపణయగు మాట ఆయన నోట బెదిరింపగును. తరగతిలో అల్లరిచేసినవారి పేర్లు వ్రాసి ఉపాధ్యాయునకిచ్చు మానిటరు, పేరు వ్రాయకయే ఒక బాలుని దుష్టుడని చాటినచో, ఆ బాలుడెవరితో మొరపెట్టుకొనగలడు?

అమెరికా చరిత్రమున ఇందుకు నిదర్శనములు గలవు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున, 1917 నవంబరులో, ఆ దేశపు అటార్నీ జనరలు థామస్ గ్రెగరీ, యుద్ధ వ్యతిరేకులు ఆగ్రహించిన ప్రజలనుండి గాని పగదీర్చుకొను ప్రభుత్వమునుండి గాని కనికరమాశింపరాదని పలికెను. 1918 ఏప్రిలులో ఇల్లినాయి రాష్ట్రమందలి కాలిన్స్‌విల్‌లో, దేశద్రోహపు మాటలాడెనను అనుమానముతో, రాబర్ట్ ప్రేగర్ అను జర్మను గని కార్మికుని ఒక గుంపు ఉరిదీసెను. విచారింపబడిన పదునొకండ్రును నిర్దోషులని విడువబడిరి. గ్రెగరీ మాటయే ఈ హత్యకు కారణమని మేమనజాలము. కాని అధికారి కోపము జనుల కోపముతో కలిసినచోట దుర్బలునకు రక్షణ తగ్గునని చెప్పవచ్చును.

ఆ సంవత్సరము జూనులో యూజీన్ డెబ్స్ ఒహాయో రాష్ట్రమందలి కాంటన్‌లో యుద్ధమును విమర్శించి ప్రసంగించెను. గూఢచర్య చట్టము క్రింద ఆయనకు పదియేండ్ల శిక్ష పడెను. 1919లో సుప్రీంకోర్టు దానిని స్థిరపరచెను. 1921లో అధ్యక్షుడు హార్డింగు ఆయనను విడిపించెను. శిక్ష కఠినమైనదే. అయినను డెబ్స్ జ్యూరీ యెదుట నిలిచి తన మాట చెప్పుకొనెను. నేరము మోపక నిందించినచో, వక్తకు నిలుచుటకు బోనైనను దొరకదు.

1940 ఏప్రిలు 1న అటార్నీ జనరలు రాబర్ట్ జాక్సన్ ప్రాసిక్యూటర్ల సభలో ఈ ప్రమాదమునే చూపెను. మనుష్యుల స్వాతంత్ర్యముపైనను పరువుపైనను వారికున్నంత అధికారము మరెవరికిని లేదనియు, మొదట మనిషినెన్నుకొని పిమ్మట నేరమును వెదకరాదనియు ఆయన హెచ్చరించెను.

అట్లయిన ప్రాసిక్యూటరు మూగవలె నుండవలెనా? అక్కరలేదు. చట్టమును వివరింపవచ్చును, దాఖలైన కేసును తెలుపవచ్చును, వక్తపై చేయెత్తువారిని హెచ్చరింపవచ్చును. వక్త అభిప్రాయము మంచిదో చెడ్డదో తీర్చుట మాత్రము ఆయన పని కాదు. నేరమున్నచో న్యాయస్థానమున చూపవలెను, లేనిచో ఊరకుండవలెను. తప్పు మాటకు ఒప్పు మాటతో బదులు చెప్పు బాధ్యత పౌరులది. విద్యార్థులారా, రేపు ఆ పౌరులు మీరే.