సత్రము – స్వయంపాకము

కొండమీది క్షేత్రములకు వెళ్ళి వచ్చిన భక్తులు కొందరు, "గది ఇచ్చినారు గాని అందులో మంచము లేదు, భోజనము లేదు, మీరే వండుకొనుడని పొయ్యి చూపినారు" అని చిన్నబుచ్చుకొందురు. అట్టివారికి సత్రమను మాటలోని అర్థమును విన్నవింపగోరుచున్నాను.

అమరకోశము సత్రశబ్దమునకు ఆచ్ఛాదనము, యజ్ఞము, ఎడతెగని దానము, అరణ్యము అని నాలుగర్థములు చెప్పుచున్నది. కొండమీది సత్రములో ఈ నాలుగును కలవు. యజ్ఞమును చివరకు ఉంచి, తక్కినవి ముందుగా చెప్పెదను.

ఆచ్ఛాదనమనగా కప్పు. మన ఆర్మూరు నవనాథ సిద్ధుల గుట్టను చూడుడు. ఆ నల్లని బండల నడుమ గుహలలో సిద్ధులు తపస్సు చేసిరని పెద్దల మాట. వారికి బండయే కప్పు. యాత్రికునకు మొదట కావలసినది ఎండవానలనుండి రక్షణ. తక్కిన సౌకర్యములన్నియు ఆ పిమ్మటివే.

ఇక అరణ్యము. తిరుమల శేషాచలపు అడవులలో, శ్రీశైలము నల్లమలలో ఉన్నవి. అచ్చట మనము అడవికి అతిథులము. వంటకు అనుమతించిన చోటనే పొయ్యి వెలిగింపవలెను. వేసవిలో ఎండుటాకులపై పడిన చిన్న నిప్పురవ్వ చాలును, కొండ అంటుకొనుటకు. ఎంగిలి విస్తళ్ళు, ప్లాస్టిక్ సంచులు లోయలోనికి విసరరాదు. ఇంకొక సంగతి. ఎత్తు పెరిగినకొలది నీరు తక్కువ వేడికే మరుగును. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గును. సుమారు 850 మీటర్ల ఎత్తుగల తిరుమలలో ఎసరు 97 డిగ్రీలకే మరుగును. కావున కందిపప్పును ముందుగా గంటసేపు నానబెట్టుకొన్నచో త్వరగా ఉడుకును, వంటచెరకో గ్యాసో ఆదా యగును.

మూడవది దానము. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరి, శ్రీశైలము, హైదరాబాదు మీదుగా నాగపురము దిక్కునకు సాగిరి. ఏ మజిలీలో దిగుటకు చోటున్నది, నీరెట్లున్నది, వంటకు సామగ్రి దొరకునా అని వ్రాసిపెట్టిరి. ఆనాటి యాత్రికునకు ఆ మూడే ఆధారము. నేడు పెద్ద క్షేత్రములలో అన్నప్రసాదము లభించుచున్నది; తిరుమలలో నిత్యాన్నదానము 1985లో ఆరంభమైనది. అది మహాదానమే. కాని వేలమందికి ఒకే వంట చేయునప్పుడు రోగి పథ్యము, పసిబిడ్డ మెత్తని అన్నము, మడి విడువని ముసలితల్లి నియమము వేరువేరుగా చూచుట సాధ్యము కాదు. వీరికి పొయ్యి గల గదియే శరణ్యము. మన ప్రాంతమున పసుపు త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి అమ్ముకొన్న పిదప దైవకార్యమునకు కొంత తీసియుంచు రైతులున్నారు. ఆ దాతలకు నా మనవి: చలువరాతి గదిపై పేరు చెక్కించుకొనుటకు పూర్వము, పది కుటుంబములు వండుకొనగల వంటపాక, నీటికుళాయి, గిన్నెలు తోముకొను గట్టు ఉన్నవో లేవో విచారింపుడు. బీదవాడు దేవుని సన్నిధిలో మూడు రాత్రులు నిలువవలెనన్న అవియే కావలెను.

తుదకు యజ్ఞము. వేదమార్గములో సత్రమనగా అనేకదినములు సాగు సోమయాగము. ఇతర యాగములలో యజమానుడొకడు, దక్షిణ గ్రహించు ఋత్విజులు వేరొకరు. సత్రములో ఋత్విజులందరును యజమానులే. దక్షిణ ఇచ్చువాడును లేడు, పుచ్చుకొనువాడును లేడు. స్వయంపాకపు గదిలో జరుగునది ఇదియే. బస చేయువాడే వండును, వడ్డించును, ఊడ్చును. నా చిన్ననాట మా తల్లిగారు సత్రము విడుచునపుడు పొయ్యి అలికి, వెనుక వచ్చువారికని గూటిలో కొంచెము ఉప్పు, ఒక పసుపుకొమ్ము ఉంచెడివారు. ఆ వచ్చువారెవరో ఆమె ఎరుగదు. దాత ఆరంభించిన యజ్ఞమును ఆ విధముగా ఆమె కొనసాగించినది.

కావున భక్తులారా, తాళము తిరిగి అప్పగించు ముందు ఒక్కమారు గదిని చూడుడు. మీరు వచ్చినపుడు ఎట్లుండవలెనని కోరితిరో అట్లున్నచో, మీ యాత్ర సాంగమైనట్లే.

స్వస్తి.