చెదిరిన అక్షరాలు

బాలలూ! ఆషాఢమాసంలో ఎప్పుడైనా పెద్దాపురం వచ్చారా? మరిడమ్మవారి జాతరకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. పూర్వం ఊరికి వచ్చిన బాటసారి తిన్నగా సత్రానికి పోయి, అరుగు మీద మూట దించేవాడు. ఇప్పటివారు బయలుదేరకముందే ఫోను తీసి, ఏ హోటల్లో గది ఉన్నదో, అద్దె ఎంతో చూసుకుంటున్నారు. అంటే హోటలువారి వెబ్‌సైటే ఈనాటి సత్రం అరుగన్నమాట!

ఆ అరుగు మీద అక్షరాలు చెదిరిపోతే? "గదులు కలవు" అని ఉండవలసిన చోట చుక్కలూ, సున్నలూ, ఎవరికీ బోధపడని గుర్తులూ కనిపిస్తే? ముసలితల్లినీ, చంటిపిల్లనూ వెంటబెట్టుకుని రాత్రి రైలుకు సామర్లకోటలో దిగబోయే మనిషి అది చూసి, ఈ ఊళ్ళో చోటు లేదు కాబోలు అనుకోడూ?

నిజానికి ఆ మాటలు ఎక్కడికీ పోలేదు. యంత్రానికి అక్షరాలు రావు, అంకెలే వచ్చు. అందుచేత లోకంలోని లిపులకు నంబర్లు ఇస్తూ యూనికోడ్ అనే పట్టీ తయారు చేశారు. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే మన తెలుగు ఉన్నది. ఆ పట్టీలో 'అ' నంబరు 3077, 'క' నంబరు 3093. ఈ నంబరును యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాచేటప్పుడు 224, 176, 149 అని మూడు అంకెలుగా మారుస్తారు. మూడూ కలిపి చదివితే 'క'. అలాకాక, పడమటి దేశాల భాషలకోసం చేసిన పాత పట్టీ పెట్టుకుని చదివిందనుకోండి, అందులో ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క గుర్తు. 224 అంటే నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు 'ఎ'. 176 అంటే చిన్న సున్న. 149 అంటే లావుపాటి చుక్క. ఒక్క 'క'కు బదులు మూడు పిచ్చి గుర్తులు!

అందుకే పుట మొదట "దీన్ని యూటీఎఫ్-8 ప్రకారం చదవవలెను" అని చెప్పే ఒక పంక్తి రాస్తారు. అది చూసేవారికి కనబడదు. పుటను తెరిచి చూపించే బ్రౌజరుకు మాత్రమే చెప్పే మాట. చాలాసార్లు తప్పంతా ఆ ఒక్క పంక్తిలోనే ఉంటుంది.

సరే, పంక్తి దిద్దారు. అయినా పుట బాగుపడలేదు! ఇక్కడే పెద్దలు కూడా తికమకపడతారు. ఆ పుట ఒకచోట కాదు, మూడు చోట్ల ఉన్నది. అసలుప్రతి హోటలువారి కంప్యూటరులో ఉంటుంది. దాని నకలు, అడిగినవారికల్లా పుటను అందించే సర్వరు అనే యంత్రంలో ఉంటుంది. మాటిమాటికీ తెప్పించుకునే శ్రమ లేకుండా, చూసేవారి ఫోను మరొక నకలు దాచుకుంటుంది. అచ్చాఫీసులో సీసపు అక్షరాలు సరిచేసి, కాగితం మీద అచ్చు తీయకుండా ఊరుకుంటే పాఠకుడికేం తెలుస్తుంది? దిద్దిన ప్రతిని మళ్ళీ సర్వరుకు పంపాలి. తిరిగి ప్రచురించటమంటే ఇదే.

ఒక్కొక్కప్పుడు అసలులో ఏ లోపమూ ఉండదు. పంపేటప్పుడు మధ్యలో తెగిపోయి, బొమ్మలో, పుట అమరిక చెప్పే ఫైలో సగమే చేరుతుంది. అప్పుడు గది బొమ్మ మీద అద్దె, అద్దె మీద ఫోను నంబరు ఎక్కి కూర్చుంటాయి. దానికి మళ్ళీ మొత్తం పంపితే చాలు. అసలే తప్పయితే మాత్రం, పదిసార్లు పంపినా పదిసార్లూ తప్పే చేరుతుంది.

పంపేముందు పాత ప్రతిని జాగ్రత్త చేయటం మరవకూడదు. ప్రపంచంలో మొట్టమొదటి వెబ్‌సైటును టిమ్ బెర్నర్స్-లీ అనే ఆయన సెర్న్ పరిశోధనశాలలో తయారుచేశాడు. 2013లో సెర్న్‌వారు దాన్ని పాత చిరునామాలోనే తిరిగి ప్రచురించదలచి వెతికితే, వారికి మొదట దొరికింది 1992 నాటి నకలు!

ఇక ఫోనులోని నకలు మాట. హోటలువారు అద్దె 800 నుంచి 1000 రూపాయలకు మార్చి, పుటను తిరిగి ప్రచురించారనుకోండి. పాత నకలు చూసుకుని వచ్చిన మనిషి 800 తీసి ఇస్తాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, అయినా తగాదా తప్పదు! అందుకని పుటను సర్వరు నుంచి కొత్తగా తెప్పించే రిఫ్రెష్ గుర్తును ఒకసారి నొక్కి చూడటం మంచిది. హోటలువారు కూడా, ఆ పుటను ఎన్నడూ తెరవని మరొకరి ఫోనులో చూసుకోవాలి.

అక్కడ బాగుండి, ఒక్క ఫోనులోనే అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే ఆ ఫోనులో తెలుగు అక్షరాల ఫాంటు లేదన్నమాట. తిరిగి ప్రచురించి లాభం లేదు. ఇంతకన్నా చిత్రం 2018 ఫిబ్రవరిలో జరిగింది. మన 'జ్ఞా' రాసేటప్పుడు మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు చేరితే, దాన్ని చూపించబోయిన ఐఫోను యాప్ కుప్పకూలేది! మామూలుగా రాసిన జ్ఞానంతో ఏ ప్రమాదమూ లేదు లెండి. ఆపిల్ కంపెనీవారు ఆ నెలలోనే 11.2.6 అనే కొత్త కూర్పు పంపి ఆ జబ్బు కుదిర్చారు.